బలపడిన రూపాయి: కొనుగోలుదారుకు కొంతే ఊరట, ఎగుమతిదారుకు గట్టి దెబ్బ

న్యూఢిల్లీ: రూపాయి విలువ పడిపోయిందంటే దేశంలో గగ్గోలు పుట్టడం పరిపాటి. అది బలపడితే అందరికీ మేలే జరుగుతుందన్న నమ్మకం కూడా జనంలో అంతే గట్టిగా నాటుకుపోయి ఉంది. 2025 డిసెంబరులో అమెరికా డాలరు 90 రూపాయల గీటు దాటడంతో, అది 40 రూపాయలున్న రోజులను తలచుకుని నిట్టూర్చేవారి సంఖ్య పెరిగింది. అయితే ఆ రోజులు అందరికీ మంచి రోజులేమీ కావని 2007 నాటి అనుభవం చెబుతున్నది.

ఆ ఏడాది ఆరంభంలో 44 రూపాయల 20 పైసల దాపున ఉన్న డాలరు, సంవత్సరాంతానికి 39 రూపాయల 40 పైసల దగ్గరకు దిగివచ్చింది. పన్నెండు నెలల్లో డాలరు ధర సుమారు 11 శాతం పడిపోయింది. 1991 జూలైలో రూపాయి మూల్యాన్ని రెండు విడతలుగా తగ్గించినప్పటి నుంచి పతనానికే అలవాటు పడిన వాణిజ్య వర్గాలకు ఇది బొత్తిగా ఊహించని పరిణామం. అంతకు ముందు ఏళ్లలో రూపాయి ఒకటి రెండు సార్లు స్వల్పంగా కోలుకున్నా, ఇంత వేగంగా బలపడిన సందర్భం లేదు.

డాలర్ల వెల్లువ

రూపాయి ఇలా బలపడటానికి ఎగుమతులు దిగుమతులను మించిపోవడం కారణం కాదు. 2007-08లో దేశం సుమారు 16,300 కోట్ల డాలర్ల సరుకులు ఎగుమతి చేసి, 25,000 కోట్ల డాలర్లకు పైగా విలువైన సరుకులు దిగుమతి చేసుకున్నది. వాణిజ్య లోటు అంత ఉన్నా రూపాయి బలపడటానికి కారణం పెట్టుబడుల రూపంలో వచ్చిపడిన డాలర్లు. ఆ ఆర్థిక సంవత్సరంలో నికరంగా వచ్చిన విదేశీ పెట్టుబడులు, రుణాలు కలిపి 10,000 కోట్ల డాలర్లను మించాయి. స్టాక్ మార్కెట్లో వాటాలు కొనేందుకు వచ్చిన విదేశీ సంస్థలు, ఇతర దేశాల్లో తక్కువ వడ్డీకి అప్పులు తెచ్చుకున్న భారతీయ కంపెనీలు, పరిశ్రమలు పెట్టేందుకు వచ్చిన పెట్టుబడిదారులు, అందరూ తమ డాలర్లను రూపాయలుగా మార్చుకున్నవారే. అమ్మేవారు ఎక్కువైతే ఏ సరుకు ధర అయినా తగ్గుతుంది. డాలరు కూడా అందుకు మినహాయింపు కాదు.

2007 సెప్టెంబరు 18న అమెరికా ఫెడరల్ రిజర్వు తన వడ్డీ రేటును ఒకేసారి అర శాతం తగ్గించడంతో ఈ ప్రవాహం మరింత ఉధృతమైంది. ఆ వెంటనే డాలరు 40 రూపాయల దిగువకు జారింది. 1998 తర్వాత డాలరు ఆ స్థాయికి రావడం అదే మొదటిసారి.

రిజర్వు బ్యాంకుకు అప్పట్లో గవర్నరుగా ఉన్నవారు కడప జిల్లాకు చెందిన డాక్టర్ వై. వేణుగోపాల్ రెడ్డి. ఆయన ముందున్న చిక్కు సామాన్యమైనది కాదు. రూపాయి పెరుగుదలను అడ్డుకోవాలంటే బ్యాంకు మార్కెట్లో డాలర్లు కొనాలి. కొన్న ప్రతి డాలరుకూ కొత్త రూపాయలు చెల్లించాలి. ఆ రూపాయలు వ్యవస్థలో చేరితే ధరలు పెరుగుతాయి. 2007 తొలి నెలల్లో టోకు ధరల ద్రవ్యోల్బణం 6 శాతాన్ని మించి ఉండటంతో, కొంతకాలం రిజర్వు బ్యాంకు డాలర్ల కొనుగోలులో చేయి బిగపట్టింది. ఫలితంగా మార్చి చివర 43 రూపాయల 60 పైసల దాపున ఉన్న డాలరు, మే నెలాఖరుకు 40 రూపాయల 50 పైసల దరిదాపులకు వచ్చేసింది. ఎగుమతిదారులకు మొదటి దెబ్బ తగిలింది ఆ రెండు నెలల్లోనే.

ఆ తర్వాత బ్యాంకు పెద్ద ఎత్తున రంగంలోకి దిగింది. 2007-08 మొత్తం మీద నికరంగా సుమారు 7,820 కోట్ల డాలర్లు కొనుగోలు చేసింది. దేశ విదేశీ మారక నిల్వలు ఒక్క ఏడాదిలో 19,900 కోట్ల డాలర్ల నుంచి సుమారు 31,000 కోట్ల డాలర్లకు చేరాయి. మార్కెట్లోకి వదిలిన రూపాయలను తిరిగి పీల్చుకునేందుకు ప్రత్యేక బాండ్లు జారీ చేశారు. ఈ బాండ్ల గరిష్ఠ పరిమితిని 80,000 కోట్ల రూపాయల నుంచి అంచెలంచెలుగా 2,50,000 కోట్ల రూపాయలకు పెంచవలసి వచ్చింది. బ్యాంకులు తప్పనిసరిగా రిజర్వు బ్యాంకు వద్ద ఉంచవలసిన నగదు నిష్పత్తి 2006 డిసెంబరు ఆరంభంలో 5 శాతం ఉండగా, 2007 నవంబరు నాటికి 7.5 శాతానికి పెరిగింది.

ఈ కసరత్తు ఉచితంగా జరిగేది కాదు. బాండ్లపై వడ్డీని కేంద్ర ఖజానా భరించింది. కొన్న డాలర్లను అమెరికా ప్రభుత్వ బాండ్లలో పెడితే వచ్చే వడ్డీ కంటే, ఇక్కడి బాండ్లకు చెల్లించే వడ్డీ ఎక్కువ. రూపాయిని పూర్తిగా వదిలేస్తే ఎగుమతిదారుకు నష్టం, పట్టి ఆపితే పన్ను చెల్లించేవాడికి భారం. విదేశీ పెట్టుబడులకు తలుపులు బార్లా తెరిచి, మారకం రేటును కదలనివ్వకుండా, వడ్డీ రేట్లను కూడా తన ఇష్టప్రకారం నడపడం ఏ కేంద్ర బ్యాంకుకూ సాధ్యం కాదన్నది ఆర్థికవేత్తలు ఏనాడో తేల్చిన విషయం. మూడింటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

తిరుపూర్‌లో తప్పిన లెక్క

రూపాయి బలపడిన వేడి అందరికంటే ముందు తగిలింది తమిళనాడులోని తిరుపూర్‌కు. దేశం నుంచి ఎగుమతయ్యే అల్లిక దుస్తుల్లో అధిక భాగం ఈ పట్టణం నుంచే వెళుతుంది. అక్కడి వ్యాపారి లెక్క సులభంగా అర్థమయ్యేదే. అమెరికాలోని దుకాణానికి ఒక టీ షర్టు 3 డాలర్లకు ఇస్తానని జనవరిలో ఒప్పుకున్న వ్యాపారికి, అప్పటి రేటు ప్రకారం సుమారు 132 రూపాయల 60 పైసలు రావాలి. సరుకు కుట్టించి, ఓడకెక్కించి, సొమ్ము చేతికందే సరికి నాలుగైదు నెలలు పడుతుంది. డాలరు 39 రూపాయల 40 పైసలకు దిగితే అదే చొక్కాకు వచ్చేది 118 రూపాయల 20 పైసలు మాత్రమే. ఒక్కో చొక్కాపై 14 రూపాయలకు పైగా తేడా. లాభమే చొక్కాకు పది రూపాయల లోపు ఉన్న వ్యాపారికి ఇది పెట్టుబడిలోంచి తీసి ఇచ్చినట్లే.

నూలు ధర, కుట్టుకూలీ, కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ, ఇవన్నీ రూపాయల్లో చెల్లించవలసినవి. అవి తగ్గవు. విదేశీ కొనుగోలుదారును ధర పెంచమని అడిగే వీలూ లేదు. 2005 జనవరి 1తో ప్రపంచ జౌళి వాణిజ్యంలో కోటాల విధానం ముగిసిపోవడంతో, అమెరికా దుకాణదారు ఏ దేశం నుంచైనా ఎంతైనా కొనుక్కోవచ్చు. 2007లో డాలరుతో పోలిస్తే చైనా యువాన్ పెరుగుదల 7 శాతం లోపే. బంగ్లాదేశ్ టాకా డాలరుకు 69 దాపున దాదాపు కదలకుండా నిలిచింది. పాకిస్థాన్ రూపాయి 60, 61 మధ్యనే తిరిగింది. అంటే తిరుపూర్ చొక్కాకు ఢాకా చొక్కాతోనూ, ఫైసలాబాద్ చొక్కాతోనూ పోటీపడే శక్తి, నాణ్యతలో ఏ లోపమూ లేకుండానే తగ్గిపోయింది.

దెబ్బ ఎగుమతిదారుతో ఆగలేదు. ఆర్డర్లు తగ్గగానే పెద్ద కంపెనీలు ముందుగా తగ్గించుకునేది బయటకు ఇచ్చే పనినే. అల్లిక, అద్దకం, గుండీలు కుట్టడం వంటి పనులు జాబ్‌వర్క్ కింద చేసే చిన్న యూనిట్లు, అందులో పీసు రేటుపై పనిచేసే కార్మికులు, ముఖ్యంగా మహిళలు, ఆ భారాన్ని మోశారు. డాలరు రేటు ఎంతో ఎన్నడూ చూడని వారి వారం కూలీని ఆ రేటే నిర్ణయించింది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. రూపాయి బలపడింది ప్రధానంగా డాలరుపైనే. 2007 ఆరంభంలో 57, 58 రూపాయల మధ్య ఉన్న యూరో, సంవత్సరాంతంలోనూ ఇంచుమించు అక్కడే ఉంది. ఐరోపాకు సరుకు పంపి యూరోలలో బిల్లు వేసిన వ్యాపారికి పెద్దగా నష్టం లేదు. ఒకే దేశం మీద, ఒకే కరెన్సీ మీద ఆధారపడినవారే ఎక్కువగా చితికిపోయారు.

హైదరాబాద్ నుంచి భీమవరం దాకా

సాఫ్ట్‌వేర్ రంగం లాభాలకూ గండి పడింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని కంపెనీలకు ఆదాయం అధికంగా డాలర్లలో వస్తుంది. జీతాలు అధికంగా రూపాయల్లో పోతాయి. ఉదాహరణకు 100 డాలర్లు ఆర్జించే ఒక కంపెనీకి స్వదేశంలో ఖర్చు 2,000 రూపాయలు, విదేశాల్లో ఖర్చు 25 డాలర్లు అనుకుందాం. డాలరు 44 రూపాయలున్నప్పుడు ఆ కంపెనీకి మిగిలేది 1,300 రూపాయలు. డాలరు 39 రూపాయల 40 పైసలైతే మిగిలేది 955 రూపాయలు. మారకం రేటు పదో వంతు మారితే లాభం నాలుగో వంతుకు పైగా కోసుకుపోతుంది. పెద్ద కంపెనీలు డాలర్లను ముందుగానే ఫార్వర్డ్ ఒప్పందాల ద్వారా అమ్ముకుని కొంత తట్టుకున్నాయి. ఆ వెసులుబాటు లేని చిన్న కంపెనీలు కొత్త నియామకాలు తగ్గించుకున్నాయి.

రొయ్యల ఎగుమతుల సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల విలువ 2006-07లో సుమారు 185 కోట్ల డాలర్లు. 2007-08లో అది సుమారు 190 కోట్ల డాలర్లకు పెరిగింది. అదే లెక్కను రూపాయల్లో చూస్తే 8,363 కోట్ల నుంచి 7,620 కోట్లకు పడిపోయింది. డాలర్లలో పెరిగిన ఆదాయం రూపాయల్లో 740 కోట్లకు పైగా తరిగిపోయిందన్నమాట. అమెరికా 2005లో భారత రొయ్యలపై విధించిన యాంటీ డంపింగ్ సుంకంతో అప్పటికే సతమతమవుతున్న ఎగుమతిదారులు, ఈ కొత్త నష్టంలో తమకు చేతనైనంత చెరువు గట్టు మీదికి నెట్టారు. భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో కౌంటును బట్టి రొయ్యకు కట్టే ధరలో ఆ ప్రభావం ఉండకపోదు. మేత, కరెంటు, లీజు ఖర్చులు రూపాయల్లోనే పెట్టిన రైతుకు డాలరు పతనం నేరుగా తగిలింది.

గల్ఫ్ కుటుంబాలకు తగ్గిన సొమ్ము

ఎగుమతిదారుల సంఘాల గొంతు ఢిల్లీలో వినిపించింది. అంతగా వినిపించనిది గల్ఫ్ కార్మికుల గోడు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దిర్హమ్, సౌదీ రియాల్ డాలరుతో ముడిపడి ఉన్న కరెన్సీలు. డాలరు తగ్గితే రూపాయితో పోల్చినప్పుడు అవీ తగ్గుతాయి. 2007 ఆరంభంలో 12 రూపాయలు పలికిన దిర్హమ్ సంవత్సరాంతానికి 10 రూపాయల 70 పైసల దాపుకు వచ్చింది. నెలకు 600 దిర్హములు ఇంటికి పంపే కార్మికుడి కుటుంబానికి అందే సొమ్ము సుమారు 7,200 రూపాయల నుంచి 6,400 రూపాయలకు తగ్గింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవారు ఏజెంటుకు కట్టేందుకు తెచ్చిన అప్పులు రూపాయల్లో ఉన్నవే. అప్పు తగ్గలేదు, పంపే సొమ్ము తగ్గింది.

2007 అక్టోబరు, నవంబరు నెలల్లో దుబాయిలో భవన నిర్మాణ కార్మికులు వేతనాలు పెంచాలంటూ సమ్మెకు దిగడానికి పెరిగిన జీవన వ్యయంతో పాటు ఈ మారకం నష్టం కూడా ఒక కారణం. కువైట్ మాత్రం అదే ఏడాది మే నెలలో తన దినార్‌కు డాలరుతో ఉన్న ముడిని విప్పుకున్నది.

బజారులో ధరలు ఎందుకు దిగలేదు?

ఇన్ని వర్గాలు నష్టపోతే లాభపడినవారెవరు? దిగుమతి సరుకులు చవకై సామాన్య కొనుగోలుదారుకు మేలు జరగాలన్నది పుస్తకాల్లోని సూత్రం. ఆచరణలో ఆ మేలు బజారుకు చేరే సరికి బాగా పలచబడింది.

మొదటిది, ఆ ఏడాది ప్రపంచ మార్కెట్లో ధరలే భగ్గుమన్నాయి. 2007 ఆరంభంలో పీపా 55 డాలర్ల దాపున ఉన్న ముడి చమురు సంవత్సరాంతానికి 90 డాలర్లను తాకింది. 44 రూపాయల 20 పైసల రేటున 90 డాలర్ల పీపాకు 3,978 రూపాయలు కావాలి. బలపడిన రూపాయితో 3,546 రూపాయలు సరిపోయాయి. పీపాకు 430 రూపాయల భారం తప్పిన మాట నిజం. కాని పెట్రోలు, డీజిలు ధరలను అప్పట్లో ప్రభుత్వమే నిర్ణయించేది. 2007 ఫిబ్రవరిలో స్వల్పంగా తగ్గించిన ధరలను ఏడాది పాటు కదిలించలేదు. 2008 ఫిబ్రవరిలో పెట్రోలుపై 2 రూపాయలు, డీజిలుపై రూపాయి పెంచారు. రూపాయి చేసిన మేలు బంకు దగ్గర కనిపించలేదు. అది చమురు కంపెనీల నష్టాన్ని కొంత పూడ్చింది. ఎరువుల విషయమూ ఇంతే. రైతు కొనే బస్తా ధర ప్రభుత్వం నిర్ణయించినది కావడంతో, దిగుమతిలో మిగిలిన సొమ్ము సబ్సిడీ పద్దులో సర్దుబాటైంది.

బంగారం మరో ఉదాహరణ. అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు ధర ఆ ఏడాది డాలర్లలో సుమారు 30 శాతం పెరిగింది. రూపాయి బలం వల్ల మన దేశంలో పెరుగుదల సుమారు 17 శాతానికి పరిమితమైంది. ఆడపిల్ల పెళ్ళికి నగలు చేయించిన కుటుంబం నిజానికి లాభపడినట్లే. అయితే నిరుటి కంటే ఎక్కువ ధర చెల్లించి దుకాణం మెట్లు దిగినవారికి లాభపడ్డామన్న భావన కలగడం కష్టం. మలేసియా, ఇండోనేసియాల నుంచి వచ్చే పామాయిల్ విషయంలోనూ ఇదే జరిగింది. రూపాయి బలపడినా, ప్రభుత్వం దిగుమతి సుంకాన్ని పలు దఫాలు తగ్గించినా, అంతర్జాతీయ ధర ఆ రెండింటినీ మింగివేసింది.

రెండవది, సామాన్య కుటుంబం ఖర్చులో దిగుమతి సరుకుల వాటా స్వల్పం. బియ్యం, పాలు, కూరగాయలు, ఇంటి అద్దె, బడి ఫీజు, వీటికి డాలరు రేటుతో నేరు సంబంధం లేదు. మూడవది, వర్తకుల నైజం. రూపాయి పడితే పాత నిల్వలకు కూడా కొత్త ధర చీటీ అంటించే వర్తకుడు, రూపాయి లేస్తే పాత నిల్వ అమ్ముడయ్యే దాకా ఆగమంటాడు.

నేరుగా లాభపడినవారు లేకపోలేదు. అమెరికాలో చదివే కుమారుడికి ఏటా 20,000 డాలర్లు పంపే తండ్రికి 8 లక్షల 84 వేల రూపాయలకు బదులు 7 లక్షల 88 వేలతో సరిపోయింది. కంప్యూటర్లు, విదేశీ యంత్రాలు కొన్నవారికి, విదేశీ యాత్రలకు వెళ్ళినవారికి, డాలర్లలో అప్పు తెచ్చుకున్న కంపెనీలకు ఖర్చు తగ్గింది. ద్రవ్యోల్బణం కూడా 2007 అక్టోబరు నాటికి 3 శాతం దాపుకు దిగింది. అందులో రూపాయి బలానికి కొంత వాటా ఉంది. అంటే సామాన్యుడికి కలిగిన మేలు ధర తగ్గడంలో కాదు, పెరగవలసినంత పెరగకపోవడంలో ఉంది. కంటికి కనిపించని ఈ లాభానికి కృతజ్ఞత చెప్పేవారుండరు.

రూపాయి బలానికి ఒక చిత్రమైన గుర్తింపు తాజ్‌మహల్ వద్ద లభించింది. విదేశీ పర్యాటకులు డాలర్లలో కట్టే ప్రవేశ రుసుము రూపాయల్లో చూస్తే తరిగిపోతుండటంతో, ఇకపై రూపాయలే తీసుకోవాలని అధికారులు నిర్ణయించారు.

ప్రభుత్వ ఉపశమనం

ఎగుమతిదారుల మొరలకు కేంద్రం 2007 జూలైలో స్పందించింది. జౌళి, తోలు, హస్తకళలు, సముద్ర ఉత్పత్తులు తదితర రంగాలకు ఎగుమతి రుణాలపై 2 శాతం వడ్డీ రాయితీ, సుంకాల వాపసు రేట్ల పెంపుతో సుమారు 1,400 కోట్ల రూపాయల ఉపశమనం ప్రకటించింది. ఆ తర్వాత మరికొన్ని రాయితీలు జతచేసింది. మరోవైపు డాలర్ల రాకను తగ్గించేందుకు ఆగస్టులో కంపెనీల విదేశీ రుణాలపై ఆంక్షలు బిగించింది. వ్యక్తులు ఏటా విదేశాలకు పంపుకోగల మొత్తం ఆ ఒక్క ఏడాదిలోనే 50,000 డాలర్ల నుంచి 2,00,000 డాలర్లకు పెరిగింది. అక్టోబరులో పార్టిసిపేటరీ నోట్లపై సెబీ ఆంక్షలు ప్రతిపాదించిన మరుసటి రోజు సెన్సెక్స్ ఒక దశలో 1,700 పాయింట్లకు పైగా కుప్పకూలి, గంటసేపు లావాదేవీలు నిలిచిపోయాయి. పెట్టుబడుల వరదకు గట్టు కట్టడం ఎంత కష్టమో ఆ ఒక్కరోజు చాటింది.

పొరుగు దేశాల్లో

భారత రూపాయి కదలిక సరిహద్దులతో ఆగేది కాదు. నేపాల్ రూపాయి 1993 నుంచి 100 భారత రూపాయలకు 160 చొప్పున ముడిపడి ఉంది. భూటాన్ ఙుల్ట్రమ్ విలువ భారత రూపాయితో సమానం. 2007లో ఢిల్లీ, ముంబాయి పరిణామాలతో ఏ సంబంధం లేని కఠ్మాండు తివాచీ వ్యాపారి కూడా డాలరు బిల్లులపై అంతే నష్టపోయాడు.

శ్రీలంక అనుభవం మరో తీరుది. 2022లో దివాలా తీసిన ఆ దేశంలో 2023 ఆరంభాన డాలరు 360 లంక రూపాయలకు పైగా పలికింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయం, దిగుమతుల కట్టడి, పర్యాటకుల రాకతో 2024 చివరకు అది 293 దాపుకు తగ్గింది. 2022 సెప్టెంబరులో 70 శాతాన్ని తాకిన ద్రవ్యోల్బణం ఏడాది తిరిగేలోగా ఒక అంకెలోకి దిగింది. అయినా కొలంబో గృహిణి సంచిలో సరుకులు 2021 నాటి ధరలకు తిరిగి రాలేదు. ధరలు పెరిగే వేగమే తగ్గింది.

గాలి తిరిగాక

మన దేశంలో బలపడిన రూపాయి ఎక్కువ కాలం నిలవలేదు. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలాతో ప్రపంచ మార్కెట్లు కుదేలై, వచ్చిన డాలర్లు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఆ ఏడాది చివరి నెలల్లో డాలరు 50 రూపాయలను తాకింది. రూపాయి ఇంకా బలపడుతుందని నమ్మి 40 రూపాయల దాపున డాలర్లు ముందే అమ్ముకున్నవారు చేతులు కాల్చుకున్నారు. తిరుపూర్ ఎగుమతిదారులు కొందరు తమకు అర్థం కాని డెరివేటివ్ ఒప్పందాలు అంటగట్టారంటూ బ్యాంకులపై కోర్టులకెక్కారు. రూపాయి పడినందుకు లాభపడవలసిన వేళ, విదేశాల్లో కొనేవారే కరవయ్యారు.

ఎగుమతిదారుకు కావలసింది బలహీనమైన రూపాయి కంటే నిలకడైన రూపాయి అని ఈ రెండేళ్లూ రుజువు చేశాయి. రేటు నిదానంగా మారితే వ్యాపారి కొత్త మార్కెట్లు వెదుక్కుంటాడు, ధరలు సవరించుకుంటాడు, యంత్రాలు మార్చుకుంటాడు. రెండు నెలల్లో మారితే కూలీలను మానిపిస్తాడు. కొనుగోలుదారుల లాభం కోట్ల మందికి తలా కొన్ని రూపాయల చొప్పున చెదిరిపోతుంది. నష్టం మాత్రం ఒక పట్టణం మీద, ఒక చెరువు మీద, ఒక కుటుంబం మీద పడుతుంది. డాలరు రేటు ఎటు కదిలినా సంబరపడే ముందు, ఆ నష్టం ఎవరి వాకిట పడుతున్నదో చూడవలసిన బాధ్యత పాలకులదే.